రాకాసి గుళ్ళు

2016 వఱకు సంగారెడ్డి కేంద్రముగానుండిన మెదకుజిల్లా బీళ్ళలో, బండలు వలయముగాఁ బేర్చిన ప్రాచీనసమాధులు పొదలచేఁ గప్పఁబడి యున్నవి. జనులు వీనిని రాకాసి గుళ్ళందురు. ఇందు దేవుఁడు లేఁడు, గోపురము లేదు. మఱి గుడి యేల? గుడి యనఁగా దేవాలయమే కాదు. చంద్రుని చుట్టు నేర్పడు పరివేషమును గుడియే, అక్షరముమీఁది యికారచిహ్నమును గుడియే. కావున నిచ్చటి గుడి శిలావలయమే యని మాకుఁ దోఁచుచున్నది.

2016 వఱకు ఆ జిల్లాలోనిదే యైయుండిన నర్మెట్టలో 2017వ సంవత్సరమునఁ ద్రవ్వఁగా సుమారు 40 టన్నుల కప్పుబండ బయల్పడెను. దాని నెత్తినవారు రాక్షసులు కారు, ఇనుపయుగపు మనుష్యులే. పటాన్‌చెరువువంటి తావులఁ గర్మాగారములకై నేల చదును చేయుటకు మున్నే యిట్టి వలయములను వెదకి పటమున గుర్తింపవలెను. బండలు తొలఁగినచో నీ పదార్థమునకు సాక్ష్యమే నశించును.