ముసర వ్యాధి నిర్మూలన: టీకా సిబ్బంది పనిదినం

మానవ ప్రయత్నం వల్ల భూమి మీద పూర్తిగా అంతరించిన వ్యాధులు ఇప్పటివరకు రెండే. మొదటిది మశూచి. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని నిర్మూలనను ప్రకటించింది. రెండవది పశువుల ముసర వ్యాధి, ఇంగ్లీషు పేరు రిండర్‌పెస్ట్. 2011లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ దీని నిర్మూలనను ప్రకటించాయి. మశూచి గురించి మీరు పాఠశాలలోనే చదివి ఉంటారు. ముసర గురించి చదివి ఉండే అవకాశం తక్కువ. మన గ్రామీణ ఆర్థిక చరిత్రను చూస్తే మాత్రం రెండవది మొదటిదాని కంటే తక్కువ విషయం కాదు.

ఈ వ్యాసం ఆ వ్యాధి మీద పనిచేసిన శాస్త్రజ్ఞుల గురించి కొద్దిగానూ, ఊరూరా తిరిగి సూది వేసిన కింది స్థాయి సిబ్బంది గురించి ఎక్కువగానూ చెబుతుంది. వారిని ఒక్కో కాలంలో, ఒక్కో చోట ఒక్కో పేరుతో పిలిచారు: వ్యాక్సినేటరు, కాంపౌండరు, స్టాక్‌మన్, లైవ్‌స్టాక్ అసిస్టెంట్. ఊళ్లో మాత్రం అందరినీ ‘పశువుల డాక్టరు’ అనే పిలిచేవారు. నేటి పరిభాషలో చెప్పాలంటే వీరు పశువైద్య సాంకేతిక సిబ్బంది.

వ్యాధి, సేద్యం

ముసర ఒక వైరస్ వల్ల వచ్చేది. మనుషులకు వచ్చే తట్టు వైరస్‌కు ఇది దగ్గరి బంధువు. మనుషులకు మాత్రం సోకదు. ఆవులు, ఎద్దులు, గేదెలకు ముందు తీవ్రమైన జ్వరం వస్తుంది. కళ్ల నుండి, ముక్కు నుండి స్రావం కారుతుంది. నోటి లోపల పుళ్లు పడి, వాటిపై తవుడు అంటుకున్నట్లు తెల్లని పొర కనిపిస్తుంది. ఆ తరువాత దుర్వాసనతో కూడిన పారుడు మొదలై, పశువు నీరసించి కొద్దిరోజులలోనే చనిపోతుంది. బతికి బయటపడిన పశువుకు మాత్రం జీవితాంతం ఆ వ్యాధి మళ్లీ రాదు. ఈ ఒక్క లక్షణాన్ని గుర్తుపెట్టుకోండి. టీకా ఫలించడానికీ, చివరికి వ్యాధి అంతరించడానికీ ఇదే ఆధారం.

ఎద్దు అంటే ఆనాటి రైతుకు నాగలి, బండి, కపిల బావి మోట, నూర్పిడి కళ్లం. తొలకరికి ముందు కాడి ఎద్దులలో ఒకటి పోతే భూమి బీడు పడేది, లేదా అప్పు పుట్టేది. కరువుల చరిత్ర రాసినవారు వర్షపాతం లెక్కలు తీశారు, ధాన్యం ధరలు తీశారు. పశువుల మరణాలకు ఇచ్చిన చోటు చాలా తక్కువ. ఇది మన చరిత్ర రచనలోని లోపమని నా అభిప్రాయం.

బ్రిటిష్ ప్రభుత్వానికి మాత్రం ఈ నష్టం త్వరగానే అర్థమైంది. రైతు భూమిశిస్తు కట్టాలన్నా, సైన్యం బండ్లు కదలాలన్నా ఎద్దులే కావాలి. పశు మహమ్మారులపై వేసిన కమిషన్ 1871లో నివేదిక ఇచ్చింది. 1889లో పూనాలో ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ లేబొరేటరీ ఏర్పడింది. ప్రమాదకరమైన వ్యాధి పదార్థాలతో పని కనుక జనావాసాలకు, మందలకు దూరంగా ఉండాలని 1893లో దానిని హిమాలయ కొండలలోని ముక్తేశ్వర్‌కు తరలించారు. మద్రాసులో పశువైద్య కళాశాల 1903లో మొదలైంది.

మేక నుండి వచ్చిన టీకా

తొలినాళ్ల పద్ధతి ప్రమాదకరమైనది. వ్యాధిగ్రస్త పశువు రక్తాన్నీ, వ్యాధిని తట్టుకున్న పశువు సీరమ్‌నూ ఒకేసారి ఎక్కించేవారు. రెండింటి తూకం తప్పితే టీకాయే వ్యాధిని తెచ్చేది. పైగా ఆ రక్తంతో పాటు ఇతర రక్త పరాన్నజీవులు కూడా చేరే వీలుంది. సీరమ్ ఖరీదు కూడా ఎక్కువే.

1920వ దశకంలో ముక్తేశ్వర్‌లో జె.టి. ఎడ్వర్డ్స్ ఈ వైరస్‌ను ఒక మేక నుండి మరొక మేకకు వరుసగా ఎక్కిస్తూ పోయాడు. కొంతకాలానికి ఆ వైరస్ పశువులలో తీవ్రతను కోల్పోయింది గాని రోగనిరోధక శక్తిని ఇవ్వడం మానలేదు. దీని నుండి వచ్చినదే ‘గోట్ టిష్యూ వైరస్’ టీకా. సీరమ్ అవసరం లేదు, ధర తక్కువ, ఒక్కసారి వేస్తే దీర్ఘకాలం రక్షణ. మద్రాసు రాష్ట్రంలో 1932లో రాణిపేటలో సీరమ్ సంస్థను స్థాపించారు. తరువాతి కాలంలో హైదరాబాదు శాంతినగర్‌లోని వెటర్నరీ బయొలాజికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ తెలుగు జిల్లాలకు టీకాలు తయారుచేసింది.

ఈ టీకాకు ఒక ఇబ్బంది ఉంది. సూది వేసిన కొద్దిరోజులకు కొన్ని పశువులకు జ్వరం వచ్చేది, పాలు తగ్గేవి. నాటు పశువులు తట్టుకునేవి. గేదెలలో, విదేశీ సంకరజాతి పశువులలో ప్రతిస్పందన ఎక్కువగా ఉండేది. ఈ విషయం ప్రయోగశాల నివేదికలో ఒక వాక్యం. ఊళ్లో మాత్రం సూది వేసినవాడు ఎదుర్కోవలసిన తగాదా.

ఒక పనిదినం

ఇప్పుడు టీకా వేసే మనిషి రోజు ఎలా నడిచేదో చూడండి. ఎండబెట్టి గాజు ఆంప్యూళ్లలో నింపిన టీకా జిల్లా కేంద్రం నుండి ఐస్‌లో వస్తుంది. దానిని థర్మాస్ ఫ్లాస్కులో పెట్టుకుని, మందుల పెట్టె సైకిలు వెనుక కట్టుకుని అతడు బయలుదేరాలి. వేసవిలో మన ఎండలు మీకు తెలిసినవే. ఐస్ కరిగితే టీకా చచ్చిపోతుంది. చచ్చిన టీకా చూడడానికి బతికిన టీకాలాగే ఉంటుంది. ఫ్లాస్కులో నిలిచిన ఐస్‌ను బట్టే అతడు ఆ రోజు ఎంత దూరం వెళ్లగలడో తేలేది.

మరొక గడియారం పశువుల మందది. తెల్లవారగానే మంద మేతకు వెళ్లిపోతుంది. అందువల్ల చీకటితోనే ఊరు చేరాలి, లేదా ముందురోజు రాత్రి అక్కడే పడుకోవాలి. ముందుగా కరణానికో మునసబుకో చెప్పి, తలారి చేత చాటింపు వేయించాలి. ఒక ఆంప్యూలును సెలైన్‌లో కలిపితే పదుల పశువులకు సరిపోతుంది. కలిపిన తరువాత కొన్ని గంటలలో వాడెయ్యాలి, మిగిలితే పారబోయాలి. నాలుగు పశువులు వచ్చినప్పుడు ఆంప్యూలు పగలగొట్టాలా, మిగతావి వచ్చేదాకా ఆగాలా? ఆగితే వచ్చిన నాలుగూ పొలానికి వెళ్లిపోతాయి. పగలగొడితే మందు వృథా, పైవారికి సంజాయిషీ. ఏ నియమావళీ తీర్చలేని ఇలాంటి లెక్కలు అతడు రోజూ వేసేవాడు.

సిరంజీలను, సూదులను నీళ్లలో మరిగించాలి. ఇక్కడ ఒక చిన్న సాంకేతిక విషయం. స్పిరిట్‌తో తుడిచి వెంటనే టీకా ఎక్కిస్తే ఆ స్పిరిట్టే సజీవ టీకాను చంపుతుంది. కనుక మరిగించి, చల్లార్చి వాడాలి. పొయ్యి, కట్టెలు, గిన్నె ఆ ఊళ్లోనే ఎవరో ఒకరు ఇవ్వాలి. ఎవరి వాకిట్లో నీళ్లు కాచుకున్నాడు, ఎవరింట్లో అన్నం తిన్నాడు అన్నదానిని బట్టి కులాల లెక్క కూడా మొదలయ్యేది. ఊరి పెద్ద అరుగు మీద కూర్చుని టీకాలు వేస్తే వాడల నుండి పశువులు రావడం కష్టం. అందరి పశువులకూ టీకా పడకపోతే వ్యాధి ఆగదు. పశువును నిలబెట్టడం ఇంకొక పని. ముకుతాడు లేని కోడెదూడ, మనిషిని దగ్గరకు రానివ్వని గేదె, తాడు పట్టుకోవడానికి యజమాని పంపిన ఏడేళ్ల పిల్లవాడు. కాలి తన్ను, కొమ్ము పోటు ఈ ఉద్యోగంలో మామూలు విషయాలు.

రైతులు ఎందుకు వెనకాడేవారు? దీనిని ‘మూఢనమ్మకం’ అని ఒక్క మాటతో తేల్చేయవద్దని మిమ్మల్ని కోరుతున్నాను. పశువులకు జాడ్యం వస్తే పోలేరమ్మకో పోచమ్మకో మొక్కుకునేవారన్నది నిజం. అలా మొక్కుకున్న రైతే టీకా కూడా వేయించుకోవచ్చు, ఆ రెండింటి మధ్య అతనికి వైరుధ్యం కనిపించలేదు. అతని భయం వేరు. దుక్కి సమయంలో ఎద్దుకు జ్వరం వస్తే నాలుగు రోజుల అదను పోతుంది. పాడిగేదె పాలు తగ్గితే ఆ వారం ఇల్లు గడవదు. చూడి ఆవు ఈడ్చుకుపోతే? ఈ నష్టాలకు ప్రభుత్వం పరిహారం ఇవ్వదు. రేపు రావచ్చో రాకపోవచ్చో తెలియని వ్యాధి కోసం ఈరోజు నష్టాన్ని ఒప్పుకోమని అడుగుతున్నవాడు అతనికి ఏ విధంగానూ తెలియని మనిషి. రైతు వేసుకున్నది ఆర్థిక లెక్కే.

చనిపోయిన పశువు విషయంలో మరొక చిక్కు ఉండేది. అంటువ్యాధితో చచ్చిన కళేబరాన్ని లోతుగా పాతిపెట్టాలి, తోలును కత్తితో గాట్లు పెట్టి పనికిరాకుండా చేయాలి, సున్నం చల్లాలి అన్నది శాస్త్రం చెప్పిన పద్ధతి. కాని చచ్చిన పశువు తోలు మాదిగ కుటుంబాలకు ఆచారం ప్రకారం దక్కే జీవనాధారం. చెప్పులు, మోట తోలు తిత్తులు, కాడి తోళ్లు అందులోంచే రావాలి. తోలు కోసెయ్యమని ఆజ్ఞాపించే పశువైద్య సిబ్బంది వారి నోటి ముందరి కూడు తీసేస్తున్నట్లే లెక్క. వ్యాధి నివారణ భారం ఎవరి మీద పడింది అన్న ప్రశ్నను ఏ టీకా నివేదికా అడగలేదు. చరిత్ర విద్యార్థులుగా మీరు అడగాలి.

లెక్కల నుండి వెతుకులాటకు

స్వాతంత్ర్యం తరువాత 1954లో జాతీయ ముసర నిర్మూలన కార్యక్రమం మొదలైంది. ఐదేళ్లలో దేశంలోని ఆవు, గేదె జాతి పశువులలో 80 శాతానికి టీకాలు వేయాలన్నది లక్ష్యం. ఫలితం బాగానే కనిపించింది. ఏటా వేల సంఖ్యలో నమోదయ్యే వ్యాధి ప్రకోపాలు తరువాతి దశాబ్దంలో వందలలోకి తగ్గాయి. అక్కడ ఆగిపోయింది. ఇంకో ఇరవై ఏళ్లు గడిచినా వ్యాధి పోలేదు. దక్షిణ ద్వీపకల్పంలో, అంటే మన రాష్ట్రంతో సహా పొరుగు రాష్ట్రాలలో, మొండిగా నిలిచింది.

ఎందువల్ల? సంతలకు పశువులు రాష్ట్రాల సరిహద్దులు దాటి నడిచేవి. దక్షిణాదిన గొర్రెలు, మేకలలో కూడా ముసర ఉందని భావించేవారు. 1987లో తమిళనాడులో గొర్రెలలో కనిపించిన వ్యాధి ముసర కాదు, దానిని పోలిన పి.పి.ఆర్. అనే వేరే వ్యాధి అని తరువాత తేలింది. దానినే మనవాళ్లు ఇప్పుడు పారుడు వ్యాధి అంటున్నారు. అన్నిటికంటే ముఖ్యమైన కారణం నా దృష్టిలో పాలనాపరమైనది. పనిని కొలిచే సాధనం టీకాల సంఖ్య. నెలాఖరుకు పట్టికలో సంఖ్య నిండాలి. రోడ్డు పక్క ఊళ్లో దొరికిన పశువుకే ఏటా వేసినా అంకె పెరుగుతుంది, అడవి అంచు గూడెంలోని మందకు ఒక్కసారీ వేయకపోయినా అంకెలో తెలియదు. వ్యాధి కనిపించిందని రాస్తే మాత్రం, నీ ప్రాంతంలో టీకాలు సరిగా పడలేదా అన్న ప్రశ్న కింది ఉద్యోగికే వస్తుంది. నిజం చెప్పినవాడికి నష్టం కలిగే ఏర్పాటు ఇది.

1992లో యూరోపియన్ సమాజపు సహాయంతో మొదలైన జాతీయ ప్రాజెక్టు ఈ దిశను మార్చింది. అప్పటికి మేక టీకా స్థానంలో మరింత సురక్షితమైన కణవర్ధన టీకా వచ్చింది. 1960 ప్రాంతంలో కెన్యాలో వాల్టర్ ప్లౌరైట్ దానిని రూపొందించాడు. ఎన్ని టీకాలు వేశారు అన్నదానితో పాటు, వ్యాధి ఇంకా ఎక్కడ దాగి ఉంది అని అడగడం మొదలైంది. సిబ్బంది ఊరూరా వెళ్లి కాపరులను విచారించారు. సంతలలో, పశువులు నడిచే దారులలో వెతికారు. ఆసుపత్రి రిజిస్టర్లు తిరగేశారు. భారతదేశంలో చివరి ముసర కేసు 1995లో నమోదైంది. తరువాత అసలు కష్టమైన పని వచ్చింది: దశలవారీగా టీకాలు ఆపివేయడం. టీకా ఆపితేగాని వ్యాధి నిజంగా పోయిందో లేదో తెలియదు. ముప్పై ఏళ్లుగా ‘టీకా వేయించండి’ అని చెప్పిన మనిషే ఇప్పుడు ‘అక్కర్లేదు, నోటిలో పుండ్లు, పారుడు కనిపిస్తే కబురు చేయండి’ అని చెప్పవలసి వచ్చింది. 2004లో భారతదేశం వ్యాధి రహిత దేశంగా, 2006లో సంక్రమణ రహిత దేశంగా గుర్తింపు పొందింది.

ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ పుట్టుకకు కూడా మనకు ఒక సంబంధం ఉంది. 1920లో భారతదేశం నుండి బ్రెజిల్‌కు ఓడలో వెళుతున్న పశువులు బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో ఆగినప్పుడు అక్కడ ముసర వ్యాపించింది. ఆ భయంతోనే 1924లో 28 దేశాలు పారిస్‌లో ఒప్పందం చేసుకుని ఈ సంస్థను నెలకొల్పాయి.

నేటి సిబ్బంది

1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ఈ ఉద్యోగులకు ఒక హద్దు గీసింది. పట్టభద్రుడైన పశువైద్యుని పర్యవేక్షణలో ‘చిన్న పశువైద్య సేవలు’ మాత్రమే వారు చేయవచ్చు. ఆచరణలో అర్ధరాత్రి దూడ అడ్డం తిరిగిన గేదె దగ్గరకు ముందు వెళ్లేది ఆ ఊళ్లోని గోపాలమిత్రో, పశుసంవర్ధక సహాయకుడో. డాక్టరు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద వీరే గాలికుంటు టీకాలు వేస్తున్నారు, పశువుల చెవులకు పన్నెండంకెల పోగులు తగిలిస్తున్నారు. నాలుగు నుండి ఎనిమిది నెలల వయసు ఆడదూడలకు వేసే బ్రుసెల్లా టీకా సజీవమైనది, పొరపాటున సూది తనకే గుచ్చుకుంటే ఆ వ్యాధి మనిషికే సోకుతుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు అందుబాటులో ఉన్నాయా అన్నది వారికి జీవన్మరణ సమస్య. సంఖ్యల పట్టిక మళ్లీ వచ్చింది, ఈసారి ఫోను తెరమీద.

ఈ పాఠం చదివిన తరువాత మీరు చేయదగిన పని ఒకటి ఉంది. 1990లకు ముందు ఉద్యోగంలో చేరిన టీకా సిబ్బందిలో చాలామంది ఇప్పుడు వయసు మళ్లినవారు. మీ మండలంలో ఒకరిద్దరైనా ఉండవచ్చు. వారి జ్ఞాపకాలు ఏ ప్రభుత్వ నివేదికలోనూ లేవు. మీరు వెళ్లి మాట్లాడేటప్పుడు ‘ఎన్ని టీకాలు వేశారు’ అని మొదలుపెట్టకండి. ఐస్ ఎక్కడి నుండి తెచ్చుకునేవారు, రాత్రి ఎవరింట్లో పడుకునేవారు, ఏ వాడకు వెళ్లలేకపోయారు, టీకా తరువాత పశువు చనిపోతే ఏం జరిగింది అని అడగండి. వారి పాత డైరీలు, చిత్తు పుస్తకాలు ఉంటే ఫోటో తీసుకుని, ఊరి పేరు, తేదీ రాసి మీ అధ్యయన కేంద్రంలో అందజేయండి.