తపసి బంక నుంచి పీవీపీ వరకు

నానక్‌రామ్‌గూడ దుకాణాల్లో దొరికే హెయిర్ జెల్ సీసాలపై పీవీపీ అనే పేరు కనిపిస్తుంటుంది. ఇది పాలీవినైల్ పైరోలిడోన్ అనే కృత్రిమ పాలిమర్. ఇటువంటివి రాకముందు పాశ్చాత్య దేశాల్లో జుట్టును తీర్చి నిలిపే లోషన్లలో తపసి బంక వాడేవారు. ఈ సహజ పాలిమర్‌ను మన అడవుల్లో గిరిజనులు సేకరిస్తారు. 1956లో విశాఖపట్నంలో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దానిని వారి నుంచి కొనుగోలు చేస్తూ వచ్చింది.

జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ రెప్పె 1930ల చివర పీవీపీని రూపొందించాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో రక్తం కోల్పోయినవారికి ప్లాస్మాకు బదులుగా దీనిని ఎక్కించారు. 1950లలో ఇది హెయిర్ స్ప్రేలలోకి ప్రవేశించింది. తపసి బంక నీటిలో ఉబ్బుతుంది కాని ఆల్కహాల్‌లో కరగదు. పీవీపీ రెండింటిలోనూ కరుగుతుంది. నాణ్యత కూడా చెట్టును, రుతువును బట్టి మారదు. అందువల్ల కేశాలంకరణ రంగంలో బంక స్థానాన్ని కృత్రిమ పాలిమర్లు ఆక్రమించాయి. ప్రయోగశాలలో జరిగిన ఆవిష్కరణ ఈ విధంగా గిరిజనుల సరుకుకు ఉన్న ఒక గిరాకీని తగ్గించింది.