స్వప్నమున దొరకిన నవల

భాగవతమందలి ఉషాకన్య కథ మన ఇండ్లలో తెలియనివారుండరు. బాణాసురుని కుమార్తె ఒకనాటి రాత్రి కలలో ఒక యువకుని చూచినది. మేల్కొన్న పిమ్మట అతని పేరు తెలియదు, ఊరు తెలియదు. చెలికత్తె చిత్రరేఖ దేవతల, గంధర్వుల, రాజకుమారుల రూపములను ఒక్కొక్కటిగ చిత్రించి చూపగా, అనిరుద్ధుని పటము చూచి ఉష సిగ్గుతో తల వంచుకొన్నది. కల ఉషది, కాని చిత్రరేఖ చేయి లేకున్న ఆ కల కథ కాకపోవును. నవలారచయిత విషయమున ఈ ఇద్దరును ఒక్కరే. కల గన్నవారే పటమును గీయవలెను.

మానవకన్యకును, మానవుడు కాని ప్రియునికిని నడుమ ప్రణయమును వర్ణించు నవలలు ఇంగ్లీషున పెక్కు కలవు. వానిలో మన కాలమున యువతీయువకులు మిక్కిలిగ చదివినది అమెరికా రచయిత్రి స్టెఫెనీ మెయర్ రచించిన 'ట్వైలైట్'. అది ఒక కలనుండి పుట్టినదని ఆమెయే చెప్పినది. ఆ కలకు ముందు రెండు శతాబ్దముల చరిత్ర కలదు. దానిని తెలిసికొన్నగాని కల యెంత, కృషి యెంత అనునది మనకు తేటపడదు.

ముందుగ ఒక మాట. వాంపైర్ అను పదమునకు మన భాషలో సరియైన పేరు లేదు. 1870లో రిచర్డ్ బర్టన్ మన భేతాళకథలను ఇంగ్లీషున వెలువరించినపుడు భేతాళునికి ఆ పేరే పెట్టెను. కాని మన భేతాళుడు శవమును ఆవహించి విక్రమార్కునికి చిక్కుప్రశ్నలు వేయువాడే గాని నెత్తురు త్రాగువాడు కాడు. తూర్పు ఐరోపా పల్లెలలో జనులు భయపడినది సమాధినుండి రాత్రివేళ లేచివచ్చి బ్రతికినవారి నెత్తురు త్రాగు ప్రేతమునకు. దానిని మేము రక్తపిశాచి యందుము. ఆ పల్లెటూరి ప్రేతము ఉబ్బిన ముఖముతో, మట్టికంపుతో ఉండునది. ఎవరి ప్రేమకును పాత్రము కాదు. అట్టి దానిని సుందరపురుషునిగ మార్చినది 1816వ సంవత్సరపు వాన.

1815 ఏప్రిల్‌లో, నేటి ఇండొనేషియాలోని తంబోరా అగ్నిపర్వతము ప్రేలినది. దానినుండి లేచిన గంధకధూమము ఆకాశమున వ్యాపించి సూర్యరశ్మిని అడ్డగించుటచే మరుసటియేట ఐరోపాలో వేసవి యన్నది లేకపోయినది. ఆ జూన్ మాసమున స్విట్జర్లాండులో జెనీవా సరస్సు ఒడ్డున, విల్లా డియోడాటి అను భవనమున కవి బైరన్ దిగియుండెను. అతని వైద్యుడు పాలిడోరి వెంట నుండెను. ప్రక్క ఇంటిలో కవి షెల్లీ, అతనితో వచ్చిన మేరీ, ఆమె సవతి చెల్లెలు క్లేర్ ఉండిరి. మేరీకి అప్పటికి 18 ఏండ్లు, పాలిడోరికి 20. వాన వెలియకపోవుటచే వారందరును పొయ్యిమంట చుట్టు చేరి జర్మన్ దయ్యపుకథలను ఫ్రెంచి అనువాదమున చదువుకొనిరి. తలకొక దయ్యపుకథ వ్రాయవలెనని బైరన్ ప్రతిపాదించెను.

మేరీకి దినములు గడచినను కథ తట్టలేదు. ఒక రాత్రి నిద్రకును మెలకువకును నడుమ ఆమెకు ఒక దృశ్యము కనబడినది: శాస్త్రాభ్యాసి యొకడు తాను కూర్చిన మానవాకారము ప్రక్కన మోకరించియున్నాడు, ఆ ఆకారము కదలినది. మరునాడే ఆమె ఆ దృశ్యమును వ్రాయ నారంభించెను. ఇచ్చట మనము గమనింపవలసిన విశేష మొకటి కలదు. నేడు మనము చదువు 'ఫ్రాంకెన్‌స్టైన్' ప్రతిలో ఆ దృశ్యము మొదటి పుటలో లేదు; 1831నాటి కూర్పులో అది 5వ అధ్యాయమున వచ్చును. అనగా కల ఆమెకు కథను ఇచ్చినది మధ్యభాగమున. దానికి ముందేమి జరిగెను, తరువాత నేమగును అనునవి ఆమె స్వయముగ కనుగొనవలసివచ్చినది. ఆ వెదకులాటకు దాదాపు ఒక ఏడు పట్టినది. గ్రంథము 1818 జనవరి 1న, 500 ప్రతులుగ, కర్త్రి పేరు లేకయే వెలువడినది. ఇది షెల్లీ వ్రాసినదే యని అనేకులు తలచిరి. ఆమె పేరుతో ముద్రణ 1823లో గాని రాలేదు.

పడుచుపిల్లకు ఇంత ఘోరమైన ఊహ యెట్లు కలిగెనని లోకులు తన్ను మాటిమాటికి అడుగుచుండిరని 1831 పీఠికలో ఆమె చెప్పుకొన్నది. ఆ ప్రశ్నకు సమాధానము ఆమె దినచర్య పుస్తకమునందే ఉన్నదని మేమందుము. 1815 ఫిబ్రవరిలో, నెలలు నిండకయే ఆమెకు ఒక ఆడశిశువు పుట్టి మార్చిలో మరణించినది. కొలది దినములకు ఆమె కలగన్నది: బిడ్డ చనిపోలేదు, చలికి బిగిసినదంతే, మంటముందు పెట్టి ఒళ్లు రుద్దగా కండ్లు తెరచినది. మేల్కొని చూడగా బిడ్డ లేదు. నిర్జీవమైన దానికి జీవము పోయు ఊహ జెనీవా సరస్సు ఒడ్డున హఠాత్తుగ పుట్టినది కాదు. అది ఒక తల్లి కడుపుకోత.

ఆ రాత్రుల ఫలము మరియొకటి కలదు. బైరన్ కొంత వ్రాసి విడిచిన కథను ఆధారముగ గొని పాలిడోరి 'ది వాంపైర్' అను కథ రచించెను. 1819లో ఒక పత్రిక దానిని బైరన్ పేరుతో అచ్చువేసినది! ఇందలి రక్తపిశాచి పల్లెటూరి శవము కాదు. లండన్ విందులలో తిరుగు ప్రభువు, మాటకారి, స్త్రీల మనస్సును దోచువాడు. నాటినుండి నెత్తురు కోరు పిశాచియే ప్రేమను పొందు నాయకుడగుటకు దారి యేర్పడినది. 1872లో ఐర్లండు రచయిత లె ఫాన్యు 'కార్మిల్లా' కథలో ఒంటరి యువతి నొకతెను కథకురాలిగ నిలిపి, ఆ స్నేహములోని ఆకర్షణను, భయమును ఆమె నోటనే పలికించెను.

1897లో 'డ్రాకులా' వెలువరించిన బ్రామ్ స్టోకర్ పద్ధతి వేరు. అతని చేతివ్రాత టిప్పణములు నేటికిని ఫిలడెల్ఫియాలో భద్రముగ నున్నవి. వానిలో మొదటివి 1890 నాటివి. అనగా ఏడేండ్ల కృషి. కథ జరుగు ట్రాన్సిల్వేనియాను అతడు కన్నులార చూడలేదు. నాయకుని పేరు విట్బీ పట్టణపు గ్రంథాలయమున ఒక పాతపుస్తకమున దొరకినది. పగటివెలుగు రక్తపిశాచిని చంపుననుట అతని నవలలో లేదు. 1922లో 'నొస్ఫెరాటు' అను జర్మన్ మూగచిత్రము ఆ విశ్వాసమును లోకమున నాటినది. పిమ్మట 1976లో ఆన్ రైస్ అను అమెరికా రచయిత్రి రక్తపిశాచి చేతనే తన కథను చెప్పించి, అతని దుఃఖమును పాఠకులకు వినిపించెను. ఆమె చిన్నికూతురు 1972లో రక్తపు క్యాన్సరుతో మరణించినది. ఆ నవలలో ఎన్నటికిని పెరుగని ఒక పసిపాప కలదు. మేరీ కలలోని బిడ్డ ఇచ్చట మనకు జ్ఞప్తికి రాక మానదు.

ఇక మన కాలమునకు వత్తము. 2003లో స్టెఫెనీ మెయర్ అరిజోనా రాష్ట్రమున నివసించు గృహిణి; వయస్సు 29; ముగ్గురు చిన్నకుమారుల తల్లి. విశ్వవిద్యాలయమున ఇంగ్లీషు సాహిత్యము చదివినదే గాని అచ్చులో ఒక్క కథయు వెలువరించి యెరుగదు. ఆ యేడు జూన్ 2వ తేదీ ఉదయము ఆమె ఒక కలనుండి మేల్కొన్నది. తేదీ గుర్తుండుటకు కారణము, పిల్లల ఈతపాఠములకు అదియే మొదటిదినమట. కలలో అడవినడుమ పచ్చికబయలు. సామాన్యమైన ఒక బాలిక, ఎండలో మెరయు దేహముగల అందగాడు ఒకడు నిలిచి మాటాడుకొనుచున్నారు. అతడు రక్తపిశాచి. ఆమెను ప్రేమించుచున్నాడు, ఆమె నెత్తురు వాసనకు ఆకలియు గొనుచున్నాడు. ఈ రెంటినడుమ తన్ను తాను ఎట్లు నిగ్రహించుకొనుచున్నదియు ఆమెకు చెప్పుచున్నాడు.

ఆ దినమున ఇంటిపనులు ఎన్ని యున్నను ఆమె మరచిపోకమునుపే ఆ సంభాషణను పది పుటలు వ్రాసెను. పాత్రలకు పేర్లు లేవు. అతడు, ఆమె – అంతే. అచ్చయిన పుస్తకమున ఆ భాగము 13వ అధ్యాయము. మేరీ షెల్లీకి వలెనే ఈమెకును కల కథామధ్యమున దొరకినది! ఆమె అచ్చటినుండి తుదివరకు వ్రాసి, పిదప మొదటికి మరలి, ఆ ఇద్దరును ఆ పచ్చికబయలికి ఎట్లు చేరిరో కనుగొని వ్రాసెను. పగలు పిల్లల సందడి. వారు నిద్రించిన తరువాత రాత్రులు రచన. వేసవి ముగియునప్పటికి, మూడు నెలలలో, నవల పూర్తియైనది.

కలలోని ఒక్క చిన్నగురుతు నవలకు ఊరిని ఎట్లు నిర్ణయించినదో చూడుడు. ఎండలో దేహము మెరసినచో జనులు గుర్తింతురు. కావున అట్టివారు ఎండ కానరాని చోట నివసింపవలెను. అమెరికాలో మిక్కిలి వానపడు తావు ఏదియని ఆమె వెదకగా వాషింగ్టన్ రాష్ట్రమున, ఒలింపిక్ ద్వీపకల్పమున, ఫోర్క్స్ అను చిన్నయూరు దొరకినది. ఏటా సుమారు 100 అంగుళముల వాన. చుట్టును దట్టమైన అడవి. కలపకోత వృత్తిగ గల జనము. ఆమె ఆ యూరిని చూడకయే నవల ముగించి, 2004లో పోయి చూచినది.

పేర్లు చదివిన పుస్తకములనుండి వచ్చినవి. నాయకుని ఎడ్వర్డ్ అనుటకు షార్లట్ బ్రాంటీ, జేన్ ఆస్టిన్ నవలలలోని ఎడ్వర్డులు కారణము. తనకు కూతురు పుట్టిన పెట్టవలెనని దాచుకొన్న ఇసబెల్లా అను పేరును నాయికకు ఇచ్చివేసెను. భీతికథలు చదువు అలవాటు ఆమెకు లేదు. మొదటి నవలకు 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్', రెండవదానికి 'రోమియో జూలియట్', మూడవదానికి 'వుదరింగ్ హైట్స్' తన మనస్సులో నుండెనని ఆమె చెప్పినది. అనగా ఆ కలకు విత్తనము పిశాచకథలలో లేదు. చిన్నతనమునుండి చదివిన ప్రణయకథలలో నున్నది.

ఆమె ప్రచురణమధ్యవర్తులకు 15 లేఖలు వ్రాసెను. తొమ్మిది తిరస్కారములు వచ్చినవి. అయిదింటికి జవాబే లేదు. ఒక్కటి మాత్రము ఫలించినది. మూడు పుస్తకములకు 7,50,000 డాలర్ల ఒప్పందము కుదిరినది. 'ట్వైలైట్' 2005 అక్టోబరులో వెలువడినది. 2008 ఆగష్టులో వచ్చిన నాల్గవ నవల మొదటి దినముననే అమెరికాలో 13 లక్షల ప్రతులు అమ్ముడుపోయినది. నాలుగును కలిసి లోకమున 10 కోట్ల ప్రతులకు మించినవి.

గుణముతోపాటు దోషమును చెప్పుట న్యాయము. నిద్రించు కన్యను ఆమెకు తెలియకుండ రాత్రివేళ వచ్చి చూచుచుండుట ప్రేమ యనిపించుకొనునా? నాయిక ఎల్లవేళల మరియొకరి రక్షణమునకై ఎదురుచూచుట తగునా? ఇట్టి ప్రశ్నలు విమర్శకులు అడిగిరి. మన ఇండ్లలో ఈ పుస్తకము చదువు పిల్లలతో పెద్దలును అడిగి మాటాడదగినవి. నాయికను అబలయని నిందించుటకు సమాధానముగ 2015లో మెయర్ ఆ కథనే స్త్రీపురుష పాత్రలను తారుమారు చేసి తిరిగి వ్రాసెను. నాయకుని దృష్టితో వ్రాయుచున్న మరియొక ప్రతి 2008లో అసంపూర్ణముగనే బయటపడగా ఆమె దానిని ప్రక్కన పెట్టెను. అది 2020లో గాని పుస్తకరూపము దాల్చలేదు. రచయిత సిద్ధము కాకమునుపే పటము తెర తీసిన ఎంత నష్టమో దీనివలన తెలియును.

మరియొక ఋణము కలదు. నాయికను ప్రేమించు రెండవ యువకుడు తోడేలుగ మారగలవాడు. అతడు క్విల్యూట్ జాతివాడని నవల చెప్పును. ఆ జాతి కల్పితము కాదు. ఫోర్క్స్‌కు చేరువ సముద్రతీరమున లాపుష్ అను గ్రామమున నివసించు ఆదిమజనులు వారు. తమ పూర్వులు తోడేళ్లనుండి మనుష్యులుగ మార్చబడిరనునది వారి పవిత్రగాథ; నవలలోనిది దానినుండి అల్లిన కల్పన. నవల వెలువడగా యాత్రికులు ఆ తీరమునకు గుంపులుగ వచ్చిరి. తమ నిజమైన కథ యేదో తామే చెప్పవలెనని ఆ జాతివారు తలచిరి. 2010లో సియాటిల్ కళాప్రదర్శనశాలలో వారి సహకారముతో అట్టి ప్రదర్శన జరిగినది. వారి గ్రామము సునామీ ముంపున నున్నది. ఎత్తైన తావునకు తరలుటకై 785 ఎకరములు వారికి చెందునట్లు 2012లో అమెరికా శాసనము చేసినది. కలలో కనబడినది రచయితదే కావచ్చును. కాని మేల్కొన్న పిదప పరుల ఇంటినుండి తెచ్చుకొన్నదానికి యజమానులు ఉందురు. వారి పేరు చెప్పుట, వారి మాట వినుట ధర్మము.

ఈ చరిత్రనుండి మేము గ్రహించినది ఇంతయే. మేరీకి 18 ఏండ్లని, మెయర్ గృహిణియని లోకము ఆశ్చర్యపడినది. కాని కల ఎవరికైనను వచ్చును. ఆశ్చర్యపడవలసినది ఆ మరునాటి పనికి. శోకమును, చదువును, వాననుగూడ కథగ మలచినది ఆ పనియే. మీ ఇంటిలో ఏ అమ్మాయియైన తెల్లవారగనే వచ్చి రాత్రి వచ్చిన కలను చెప్పబోయిన, నవ్వి త్రోసివేయకుడు. ఒక కాగితము, ఒక కలము చేతికిచ్చి, "అంతకు ముందేమి జరిగినదమ్మా?" అని అడుగుడు. నవల అచ్చటనే మొదలగును.