మడతల్లో దాగిన లెక్కలు

"కాగితాలతో ఆటలాపి లెక్కలు చేసుకోవే!" అని మొన్న మా పాపని కసిరాను. మూతి ముడుచుకుని, "ఇది ఆట కాదమ్మా, జపాన్ వాళ్ళ ఒరిగామీ" అంది. సంగతేమిటో చూద్దామని చదవడం మొదలుపెడితే, ఇద్దరం సగం సగమే చెప్పామని తెలిసింది.

జపాన్‌లో కాగితం మడతలు పాతవే. కాగితపు కొంగల మీద అక్కడ 1797లోనే పుస్తకం అచ్చయింది. ఐరోపా మడతలు వేరు. జర్మనీలో 1837లో పసిపిల్లల పని మొదలుపెట్టిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ వాటిని పాఠాలుగా మార్చారు. చతురస్రాన్ని మూలకి మూల కలిపి మడిస్తే త్రిభుజం, మళ్ళీ మడిస్తే అందులో సగం. సగమూ పావూ వేళ్ళకే తెలిసిపోతాయి. 'కిండర్‌గార్టెన్' అన్న పేరు ఆయన పెట్టిందే.

1851లో ప్రష్యా ప్రభుత్వం ఆ బడులను నిషేధించింది. మరుసటేడు ఆయన పోయారు. 1860 దాకా నిషేధం ఎత్తలేదు. అయినా ఆ చదువు ఆగలేదు. ఆయన దగ్గర నేర్చుకున్న ఆడవాళ్ళు దాన్ని దేశాలు దాటించారు.

1876లో టోక్యోలో కిండర్‌గార్టెన్ తెరిచారు. జపాన్ ఇంటి కోడలైన జర్మన్ టీచరు క్లారా మత్సునో అక్కడి టీచర్లకు ఈ పద్ధతి నేర్పారు. అలా ఫ్రోబెల్ మడతలూ, జపాన్ ఇళ్ళలోని మడతలూ ఒకే బల్ల మీద కలిశాయి. ఇవాళ్టి ఒరిగామీలో రెండూ ఉన్నాయి.

ఒక ప్రభుత్వం వద్దన్నదాన్ని ఆడవాళ్ళు కాపాడుకొచ్చారు. నేనేమో నా వంటింటి గుమ్మం దగ్గరే వద్దన్నాను! నిన్న పాప పక్కన కూర్చుని, "నాకూ ఒకటి నేర్పవే" అన్నాను.