శంఖపుష్పి కాని పువ్వు

వానలు వెనుకబడిన పిదప తలకోన జలపాతముచెంత తడిసిన ఱాళ్ల నడుమ జానెడెత్తు మొక్క యొకటి కానవచ్చును. కాండము నాలుగుపలకలది, ఆకు లెదురెదురుగా నుండును, పువ్వు లేతగులాబివన్నె, చిటికెనవ్రేలి గోరంత. కేసరములు నాలుగున్నను వానిలో నొక్కటియే పెద్దది. 2022లో తిరుపతి జిల్లా యేర్పడువఱకు తలకోన చిత్తూరు జిల్లాలోనిదే. విద్యార్థులతో నచటి కేగినపుడు వారిలో నొకడు దీని పేరేమని మమ్మడిగెను. “శంఖపుష్పి” యని తడుముకొనక చెప్పితిమి. ఆ తొందరపాటే యీ వ్యాసమునకు కారణము.

వృక్షశాస్త్రజ్ఞులు దీనిని జెన్షియన్ కుటుంబమున చేర్చి కాన్స్కోరా డిఫ్యూసా యందురు. కుటుంబనామము ఇల్లిరియా రాజగు జెంటియసునుండి వచ్చెనని ప్రాచీన రోమక గ్రంథకర్త ప్లినీ వ్రాసెను. కాన్స్కోరా యనునది మాత్రము చెవికి లాటినువలె తోచినను మలయాళపదము. కొచ్చిలో డచ్చివారి గవర్నరుగా నుండిన వాన్ రీడ్ సిద్ధము చేయించిన హోర్టస్ మలబారికస్ 1678 మొదలు 1693 వఱకు ఆమ్‌స్టర్‌డాములో పండ్రెండు సంపుటములుగా వెలువడెను. అందొక మొక్క “కంజన్ కోర” యను నాటుపేరుతోనే చిత్రింపబడినది. ఆ గ్రంథమునకు మూలికల వివరములు చెప్పినవారిలో ఇట్టి అచ్యుతన్ అను ఈళవ వైద్యుడు ముఖ్యుడు. 1785లో ఫ్రెంచి పండితుడు లమార్కు ఆ పేరునే కొంత నునుపుచేసి జాతినామముగా కైకొనెను. మన మొక్కకు 1794లో వాల్ అను పండితుడు జెంటియానా డిఫ్యూసా యని పేరిడగా, తరువాతివారు దానిని కాన్స్కోరాలోనికి మార్చిరి. మన సోమిద చెట్టు పేరును ఇట్లే సోయ్‌మిడాగా శాస్త్రమున నిలిచినది.

సంస్కృతనామ ముండగా పరభాషానామ మెందులకని మేమును ఒకప్పుడు వాదించినవారమే. కాని శంఖపుష్పి యేది? వంగదేశపు వైద్యులు దీని జాతికే చెందిన తెల్లపూల మొక్కను ఆ పేర పిలిచిరి. మా పొరపాటునకు మూలమదియే. ఉత్తరాదివారికి అది నేలపై ప్రాకెడు కాన్వాల్వులసు, కేరళీయులకు పెరటిలోని శంఖుపువ్వు తీగ, మఱికొందఱికి విష్ణుక్రాంతము. భారత ప్రభుత్వపు ఆయుర్వేద ఔషధకోశము కాన్వాల్వులసునే గ్రహించినది. వైద్యుడు ఒకటి తలచి వ్రాయగా అంగడివాడు వేఱొకటి కట్టియిచ్చిన రోగి గతి యేమి? శ్లోకము ఎంత శుద్ధముగా చదివినను మూలిక మారక మానదు.

మరునాడు తరగతిలో తప్పు ఒప్పుకొంటిమి. “అయ్యా, మా యవ్వ నడిగి వచ్చెదను” అనెను ఆ బాలుడు. అవ్వ దానిని ఉత్త గడ్డిపువ్వనెనట. కాన్స్కోరా ప్రక్కన ఆ మాటయు వ్రాసికొంటిమి.