నెగెటివుల, స్లైడుల స్కానింగు

ఛాయాచిత్రపు నెగెటివులను, స్లైడులను ఫ్లాట్‌బెడ్ స్కానరు గాజుపలకపై నుంచి, వానిలోని రూపమును కంప్యూటరు గ్రహింపఁగల అంకెలుగా మార్చు ప్రక్రియ గత శతాబ్దపు చివరి దశకమున వ్యాప్తికి వచ్చినది. కాగితముపైని చిత్రము తనపై బడిన వెలుఁగును వెనుకకు మరలించును. ఫిల్మో, వెలుఁగును తనగుండ పోనిచ్చును. కావున పత్రముల నకళ్ళకై నిర్మింపఁబడిన ఈ యంత్రము, పలక క్రింద నడచు దీపముతోఁబాటు మూతయందును వేఱొక దీపమును బొందిన పిదపనే ఫిల్మునకుఁ బనికివచ్చినది. ఆ రెండవ దీపమెంత మేర వెలుఁగునో అంత మేరయే ఫిల్మును చదువ వీలగును. చౌక యంత్రములలో నది సన్నని పట్టీ మాత్రమే.

1957లో అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థలో రస్సెల్ కిర్ష్ తన పసిబిడ్డ ఫోటోను తిరుగు డ్రమ్మునకుఁ జుట్టి, అడ్డమునకు 176, నిలువునకు 176 బిందువులుగా కంప్యూటరున కెక్కించెను. డ్రమ్మును విడిచి బల్లకు వచ్చుటకు 1969లో బెల్ ప్రయోగశాలలలో విల్లర్డ్ బాయిల్, జార్జి స్మిత్ కనిపెట్టిన సి.సి.డి. అను కాంతిగ్రాహకము మార్గమేర్పఱచినది. దానిని వరుసగాఁ బేర్చి, పఱచిన పుట క్రిందుగా నడపినచో పుటనంతయుఁ జదువవచ్చును. రే కర్జ్‌వెయిల్ 1976లో అంధులకై వెలువరించిన పఠన యంత్రము చేసిన పని యిదియే. ఆ యంత్రము ఛాయాచిత్రకారులకై నిర్మింపఁబడినది గాదు.

తెలుగు ప్రాంతముల నెగెటివులలో అగ్రగణ్యములు రాజా దీన్ దయాళ్ తీసినవి. మీరటు సమీపమున సర్ధనాలో 1844లో జన్మించి, సికిందరాబాదున స్టూడియో నెలకొల్పి, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుఁడై, 1905లో మరణించిన ఈతని గాజుపలక నెగెటివులు 2,857 టిని 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించినది. ఇట్టి పలకలకు స్కానరు మంచి సాధనమే, కాని తొందరపాటు పనికిరాదు: గాజు పెళుసు, దానిపైని జెలటిన్ పూత వయస్సుతో పొరలు పొరలుగా లేచును, పూత స్కానరు గాజునకు రాచుకొన్నచో రాలిపోవును.

నెగెటివులు చిక్కనిచోట అచ్చుబొమ్మలే శరణ్యము. ఉదాహరణమునకు, నేఁడు సంగారెడ్డి జిల్లాలో మండల కేంద్రమైన నాగల్‌గిద్ద, నారాయణఖేడ్ తాలూకాతోఁగూడ 1956 వఱకు బీదరు జిల్లాలోనిది. ఆ సీమ గతమును వెదకువారికి గులాం యజ్దానీ 1947లో బీదరు చరిత్రను, కట్టడములను గూర్చి ప్రకటించిన గ్రంథము, దానియందలి అచ్చుబొమ్మలు ఆధారము. అయితే అచ్చుబొమ్మను స్కాను చేయుట వేఱు, నెగెటివును స్కాను చేయుట వేఱు. హాఫ్‌టోను అచ్చులో చిత్రము ముందే చుక్కలుగా విఱిగియుండును, పెద్దది చేసినకొలఁది ఆ చుక్కలే పెద్దవగును. నెగెటివు దొరకినచో ఱాతిపైని ఉలిజాడలు సైతము వెలికివచ్చును.

ఇఁక సామాన్య గృహస్థుల సంగతి. బరోడాలోని న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారుచేసిన ఆగ్ఫా క్లిక్ 3 కెమెరా, 120 రీలుపై 12 చదరపు బొమ్మలు తీయునది, ఒక తరమువారికి పరిచితము. ఊటీలోని హిందుస్తాన్ ఫోటో ఫిలిమ్స్ ‘ఇందు’ పేరిట నలుపు-తెలుపు ఫిల్ము నమ్మినది. ఆ చదరపు నెగెటివు ఒక్కొక్క వైపు సుమారు 56 మిల్లీమీటర్లు. అంగుళమునకు 2,400 బిందువుల చొప్పున రమారమి 2 కోట్ల 80 లక్షల బిందువులు లభించును. అదే చొప్పున 35 మి.మీ. ఫిల్ము బొమ్మకు దక్కునవి 77 లక్షలే. ఎప్సన్ వి700, దాని తరువాతి వి850 స్కానర్ల పెట్టెలపై 6,400 అని వ్రాసియుండినను, పరీక్షలలో నిజముగా విడమఱచి చూపునది సుమారు 2,300 మాత్రమే. తక్కినది అమ్మకపు లెక్క. ఈ కారణముచే చిన్న నెగెటివులకన్న స్టూడియోలవారి పెద్ద నెగెటివులకే ఈ యంత్రము సార్థకమని చెప్పవలెను.

రంగుల నెగెటివులోని నారింజ చాయ లోపము గాదు, రంగుపూతల దోషమును సవరించుటకు కొడాక్ శాస్త్రజ్ఞులు కల్పించిన ముసుఁగు. స్కానరు సాఫ్టువేరు దానిని తొలఁగించి రంగులను తిరుగవేయవలెను. స్లైడులయందు నీడలు మిక్కిలి చిక్కన, అవి స్కానరునకు గుడ్డినలుపుగాఁ గనఁబడును. పరారుణ కిరణములతో ధూళిని గుర్తించి చెఱుపు ‘డిజిటల్ ఐస్’ రంగు ఫిల్మునందు మెచ్చఁదగినదైనను, నలుపు-తెలుపు ఫిల్మునందు వెండికణము లాకిరణముల నడ్డుటచే బొమ్మనే ధూళియని భ్రమించును. అచ్చట మెత్తని కుంచె, గాలిబుడ్డి, ఓరిమి తప్ప గతిలేదు. వేసవి దుమ్ములో నీపని యెంత ప్రయాసమో దక్కనువాసులకు చెప్పఁబనిలేదు. ఫిల్ము గాజును నేరుగాఁ దాఁకినచో న్యూటను వలయములనఁబడు రంగురంగుల చారలు పడును, దానికై చట్రములో బిగించి కొంత యెత్తున నుంతురు. ఆ యెత్తు కొద్దిగా మాఱినను బొమ్మ మసకబాఱును.

ఇటీవల 35 మి.మీ. ఫిల్మును వెలుఁగుపెట్టెపై నుంచి మాక్రో లెన్సు గల డిజిటలు కెమెరాతో ఫోటో తీయు పద్ధతి స్కానరు స్థానము నాక్రమించుచున్నది. గాజుపలక నెగెటివులకును, 120 రీలు నెగెటివులకును ఫ్లాట్‌బెడ్ స్కానరు వాడుక నేఁటికిని నిలిచియున్నది.