కుందేలు మేత మానేసిందా? రేపు చూద్దాంలే అనుకుంటే ప్రాణానికే ముప్పు!
కుందేలు అనగానే క్యారెట్ గుర్తొస్తుంది. కానీ దాని అసలు తిండి ఎండు గడ్డి. రోజూ తినేదాంట్లో దాదాపు 80 శాతం అదే ఉండాలి. గడ్డిలోని పీచే పేగుల్ని కదిలిస్తుంది. జీవితాంతం పెరిగే పళ్లు అరిగేదీ గడ్డి నమలడం వల్లే. క్యారెట్, పండ్లలో చక్కెర ఎక్కువ.. ఎప్పుడైనా ఓ చిన్న ముక్క చాలు. బ్రెడ్, బిస్కెట్లు అసలు పెట్టొద్దు. పీచు తగ్గితే పేగుల కదలిక మందగించి, కడుపులో గ్యాస్ పట్టేస్తుంది. కుందేళ్లకు వాంతి చేసుకోవడం కూడా చేతకాదు. అందుకే 12 గంటలుగా మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. మెత్తటి పెంటికల్ని అదే తినేస్తుంటే మాత్రం కంగారు వద్దు. వాటిలోని పోషకాలు దానికి అవసరం.